పెద్దప్రేగు పూతను కొలుచుట ఎట్లు?

వానకాలము ప్రవేశించినదనగానే ఆదిలాబాద్ ప్రాంతములోని వాగులు, చెలిమెలు, దిగుడుబావులు బురదనీటితో నిండును. ఉట్నూరు, నార్నూరు, జైనూరు మొదలగు మన్యపు గ్రామములనుండి వాంతులు, విరేచనములతో ఆసుపత్రులకు వచ్చువారి సంఖ్య ఆ నెలలలో హెచ్చును. కొందరికి విరేచనములో జిగటయు, నెత్తురును కనబడును. ప్రజలు దీనిని బంక అనియు, రక్తబంక అనియు అందురు. ఇట్టివారిలో చాలమందికి కారణము నీటిద్వారా కడుపులో చేరిన బాక్టీరియాయో, అమీబాయో అయియుండును. తగిన మందును, ఉప్పు చక్కెర కలిపిన నీరును వేళకు అందినచో వారము పది దినములలో కోలుకొందురు.

కొద్దిమంది మాత్రము కోలుకొనరు. వానలు వెనుకబడి, పత్తి తీతలు మొదలై, చలి ముదిరినను వారికి నెత్తురు విరేచనములు ఆగవు. ఒకచోట అమీబా మందు ఇత్తురు. మరియొకచోట మొలలని చెప్పుదురు. ఇంటిలో పెద్దవారు వేడిచేసినదని మజ్జిగ పట్టింతురు. నాలుగు దినములు తగ్గినట్లే ఉండి మరల మొదలగును. మనిషి చిక్కిపోవును, ముఖము పాలిపోవును, బడిపిల్లవాడైనచో గంటకొకసారి తరగతి విడిచి పోవలసివచ్చుచున్నందున సిగ్గుపడి బడియే మానివేయును. ఇట్లు నెలలు గడచిన పిమ్మట ఏ పెద్ద ఆసుపత్రిలోనో పరీక్ష చేయగా, ఇది క్రిమి తెచ్చిన రోగము కాదనియు, శరీరముయొక్క రక్షణ కణములే పెద్దప్రేగు లోపలిపొరపై తిరుగబడినవనియు తెలియును. ఈ వ్యాధి పేరు అల్సరేటివ్ కొలైటిస్. పెద్దప్రేగు పూత అని తెలుగులో వాడుక.

పూత అను మాట ఇచ్చట చక్కగా అమరినది. నోటిపూత వచ్చినపుడు పెదవి లోపలి చర్మము ఎఱ్ఱబారి, పైపొర చిట్లి, కారము తగిలినంతనే మండుటను అందరును ఎరుగుదురు. పెద్దప్రేగు లోపలిపొర కూడ అట్టి మెత్తని తడిపొరయే. అది జానెడు కాదు, మూరెడు కాదు, సుమారు ఒకటిన్నర మీటరు పొడవుగల గొట్టమునకు అస్తరువలె ఉండును. పూత దాదాపు ఎల్లప్పుడును మలద్వారమునకు పైననున్న పురీషనాళములో మొదలై, మధ్య ఖాళీ విడువకుండ పైకి ప్రాకును. కొందరిలో అది పురీషనాళముతోనే ఆగును. కొందరిలో ఎడమ ప్రక్కవరకు పోవును. కొందరిలో ప్రేగంతయు ఆక్రమించును. ప్రేగుగోడలో పలుపొరలు కలవు గాని, ఈ వ్యాధి సాధారణముగా లోపలి పొరకే పరిమితము.

1859లో లండనులో సామ్యుయల్ విల్క్స్ అను వైద్యుడు దీనిని బంక విరేచనములనుండి వేరుగా గుర్తించి వర్ణించెను. కారణము ఒక్కటని నేటికిని చెప్పుటకు వీలులేదు. వంశపారంపర్యముగా వచ్చు జన్యువులు కొంత, ప్రేగులో నివసించు సూక్ష్మజీవుల సమతుల్యము కొంత, తిండి, పరిసరములు కొంత కలిసి రక్షణ వ్యవస్థను దారి తప్పించునని మాత్రము తెలిసినది.

ఇది చలిదేశముల జబ్బనియు, మన దేశములో అరుదనియు చాలకాలము తలచిరి. పంజాబులో ఇంటింటికి తిరిగి చేసిన పరిశీలనను 2003లో ప్రకటింపగా, లక్ష జనాభాకు 44 మందికి ఈ వ్యాధి కలదని తేలినది. నగరవాసులకే వచ్చునన్న నమ్మకము మరికొంతకాలము నిలిచినది. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు తెలంగాణ పల్లెలలో శిబిరములు పెట్టి, కడుపు బాధలతో వచ్చినవారిని పరీక్షించి, నగరములోని తమ రోగులతో పోల్చి, 2023లో ఫలితములు ప్రచురించిరి. పెద్దప్రేగు పూత, దానికి జ్ఞాతియైన క్రోన్స్ వ్యాధి, రెండును కలిపి లెక్కించినచో పట్టణమునందును పల్లెయందును నూటికి సుమారు ఐదుగురిలో కనబడినవి. పల్లెలో రోగము లేకపోలేదు. చూచు సాధనము లేకపోయినది.

వంగు వెలుగు

చూచుట అంత సులభము కాదు. ప్రేగు చీకటి గొట్టము. అది తిన్నగా ఉండదు, పొట్టలో మూడు ప్రక్కల చుట్టి వచ్చును. వెలుగో, సరళరేఖలోనే పయనించును. గట్టి లోహపు గొట్టముతో పూర్వపు వైద్యులు చూడగలిగినది జానెడు మేరయే.

వెలుగును వంపు త్రిప్పు ఉపాయము బడిలోనే చూపవచ్చును. పారదర్శకమైన నీటిసీసాకు అడుగునుండి నాలుగు వ్రేళ్ళ ఎత్తున చిన్న రంధ్రము చేసి, నీరు నింపి, గది చీకటి చేసి, రంధ్రమునకు ఎదురు ప్రక్కనుండి టార్చిలైటు వెలుగును రంధ్రముమీదికి వేయవలెను. నీటిధార వంగి క్రిందికి పడుచుండగా వెలుగు కూడ ధారలోనే వంగి పోయి, చేయి పెట్టినచోట మెఱయును. నీటిలోని కిరణము గాలి అంచును సుమారు 49 డిగ్రీలకు మించిన కోణముతో తాకినపుడు బయటికి పోజాలక లోపలికే తిరిగివచ్చును. దీనినే సంపూర్ణాంతర పరావర్తనము అందురు. వాస్తవముగా కిరణము వంగలేదు. ధార గోడలకు తగిలి తగిలి గంతులు వేయుచు పోయినది.

నీటిధారకు బదులు వెంట్రుకకంటె సన్నని గాజుపోగును తీసికొన్నచో అదే జరుగును. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, లండనులో హెరాల్డ్ హాప్కిన్స్ వద్ద పనిచేయుచు, వేలకొలది గాజుపోగులను కట్టగట్టి దాని ద్వారా బొమ్మను పంపవచ్చునని 1954లో చూపెను. ఇందు కీలకము పోగుల వరుస. ఈ కొనలో ఏ పోగు ఏ స్థానమున ఉన్నదో ఆ కొనలోను అదే స్థానమున ఉండవలెను. ఒక్కొక్క పోగు బొమ్మలోని ఒక్కొక్క చుక్కను మోయును. వార్తాపత్రికలోని చిత్రమును భూతద్దముతో చూచినచో చుక్కలుగా విడిపోవుట విద్యార్థులు ఎరుగుదురు. ఇదియు అట్టిదే.

1957లో అమెరికాలో బాసిల్ హిర్షోవిట్స్ ఇట్టి పోగుల గొట్టమును మొదట తానే మ్రింగి పరీక్షించి, తరువాతనే రోగులకు వాడెను. అది జీర్ణాశయమును చూచుటకు. క్రిందినుండి పెద్దప్రేగు అంతయు చూచుటను 1969లో న్యూయార్కులో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా సాధించిరి. అదే సంవత్సరము బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జి స్మిత్ వెలుగును విద్యుత్తుగా మార్చు సి.సి.డి. అను చిన్న సిలికాన్ పలకను కనుగొనిరి. 1983 నాటికి అది ఎండోస్కోపు కొనలోనికి ఎక్కినది. అప్పటినుండి వైద్యుడు గొట్టమునకు కన్ను ఆనించి చూచుట పోయినది. గదిలోనివారందరును తెరపై ఒకే బొమ్మను చూచుచున్నారు. బొమ్మ నిలువ ఉండుటచేత, ఆరు నెలల క్రిందటి ప్రేగును నేటి ప్రేగుతో ప్రక్కప్రక్క పెట్టి పోల్చుట సాధ్యమైనది. వ్యాధిని కొలుచుటలో ఇది చిన్న మార్పు కాదు.

పెద్దప్రేగు లోపలికి పంపు ఈ సాధనమును కొలనోస్కోపు అందురు. లావు వ్రేలెడంత, పొడవు నిలువెత్తు. కొన ఎటు వంచిన అటు వంగును. అందులోనే గాలి ఊదుటకు, నీరు చిమ్ముటకు, సన్నని చిమటను పంపుటకు దారులు కలవు.

పరీక్షకు ముందు ప్రేగు శుభ్రముగా ఉండవలెను. ఉత్తర తెలంగాణములో దీనికి ప్రత్యేకముగా చెప్పవలసిన మాట ఒకటి కలదు. జొన్నరొట్టె, జొన్నగట్క, ఆకుకూరలు, విత్తనములున్న కాయలు మంచి ఆహారమే గాని, వాని పీచు ప్రేగుగోడకు అంటుకొని కెమేరాను కప్పివేయును. కనుక రెండు మూడు దినములు వానిని మాని మెత్తని అన్నము, మజ్జిగ తేట వంటివి తీసికొనవలెను. ముందుదినమున పాలీ ఇథిలీన్ గ్లైకాల్ అను పొడి కలిపిన నీరు కొన్ని లీటర్లు త్రాగించి ప్రేగును కడిగివేయుదురు. పరీక్షకన్న ఈ నీరు త్రాగుటయే కష్టమని రోగులు చెప్పుదురు. అది నిజమే. వ్యాధి మిక్కిలి తీవ్రముగా ఉన్నపుడు మాత్రము ఈ కడుగుడును, ప్రేగంతయు చూచుటయు రెండును ప్రమాదకరము. ఉబ్బి పలుచనైన గోడ చిరుగవచ్చును. అప్పుడు పురీషనాళమును, దాని పైభాగమును మాత్రము మెల్లగా చూచి విరమింతురు. పూత క్రిందినే మొదలగునుగనుక ఆ కొంచెము చూచినను చాలవరకు తెలియును.

ఎఱుపునకు మార్కులు

ఆరోగ్యవంతమైన ప్రేగుపొర నిగనిగలాడు లేత గులాబిరంగున ఉండును. దానిలో రావియాకు ఈనెలవలె సన్నని రక్తనాళములు కొమ్మలు కొమ్మలుగా కనబడును. మంట మొదలైనపుడు మొట్టమొదట మాయమగునవి ఈ ఈనెలే. పొర ఉబ్బి మసకబారుటచేత క్రింది రక్తనాళములు కప్పబడును. తరువాత ఎఱ్ఱదనము, తడి ఇసుకవంటి గరుకుదనము వచ్చును. గొట్టము తగిలినంతనే నెత్తురు చిమ్మును. ఇంకను ముదిరినచో తగలకయే నెత్తురు కారును, పొర చిట్లి తెల్లని చీముపొరతో కూడిన పుండ్లు ఏర్పడును.

వర్ణించుట తేలిక, కొలుచుట కష్టము. ఉపాధ్యాయులకు ఈ చిక్కు క్రొత్త కాదు. ఒకే వ్యాసమును నలుగురు దిద్దినచో నలుగురును వేరువేరు మార్కులు వేయుదురు. 1964లో ఇంగ్లండులో బేరన్, కానెల్, లెనార్డ్ జోన్స్ అను ముగ్గురు వైద్యులు సరిగా ఈ ప్రశ్ననే ప్రేగు విషయమున అడిగిరి. ఒకే రోగిని పలువురు చూచి వ్రాసిన వర్ణనలను పోల్చిచూచిరి. నెత్తురు కారుచున్నదా లేదా యనుటలో ఏకాభిప్రాయము బాగుగ కుదిరినది. ఎంత ఎఱుపు, ఎంత గరుకు అనుటలో అంతగా కుదరలేదు. ఈ కారణమున వారు తమ కొలతకు నెత్తురునే ఆధారముగా చేసికొనిరి.

1987లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో పుట్టిన కొలత నేడు ఎక్కువ వాడుకలో ఉన్నది. సున్న అనగా మామూలు పొర లేక చల్లబడిన వ్యాధి. ఒకటి అనగా కొంచెము ఎఱుపు, ఈనెలు మసకబారుట. రెండు అనగా బాగుగ ఎఱుపు, ఈనెలు పూర్తిగా పోవుట, తగిలిన నెత్తురు, చిన్న చిట్లుళ్ళు. మూడు అనగా తగలకయే నెత్తురు, పుండ్లు. తరగతిలో నాలుగు శ్రేణులు పెట్టినట్లున్న ఈ పద్ధతి సులభము. ఒక లోపము మాత్రము కలదు. ఒక చిన్న పుండు ఉన్నవాడును, ప్రేగంతయు లోతైన పుండ్లతో నిండినవాడును ఇద్దరును మూడవ శ్రేణిలోనే పడుదురు.

2012లో పలుదేశముల వైద్యులు కలిసి మరియొక కొలత కూర్చిరి. దానికి పూర్వరంగముగా పరీక్షల వీడియోలను నిపుణులకు చూపి అభిప్రాయములు సేకరింపగా, తీవ్రమైన వ్యాధి విషయమున నూటికి 76 పాళ్ళు అందరును ఏకీభవించిరి. మామూలుగా ఉన్నదని చెప్పుటలో మాత్రము 27 పాళ్ళే! ఆరోగ్యమును గుర్తించుట అనారోగ్యమును గుర్తించుటకంటె కష్టమని ఈ లెక్క చెప్పుచున్నది. క్రొత్త కొలతలో ఎఱుపును పూర్తిగా విడిచిపెట్టి, ఈనెలకు 2, నెత్తురునకు 3, పుండ్లకు 3, వెరసి 8 మార్కులు ఉంచిరి. ఒక్కొక్క అంశమునకు వేరుగా మార్కులు వేయుటచే వ్యాసము దిద్దుటకు జవాబుల పట్టిక ఇచ్చినట్లయినది.

తునక చెప్పు సంగతి

మందమర్రి, శ్రీరాంపూర్ వంటి సింగరేణి బొగ్గుగనుల ఊళ్ళలో పెరిగిన విద్యార్థికి ఒక విషయము తెలిసియుండును. తలదీపముతో గనిలో దిగినవానికి బొగ్గుపొర ఎంత మందమున్నదో, ఎచ్చట విరిగినదో కనబడును. ఆ బొగ్గులో బూడిద పాలెంతయో తెలియవలెనన్న తునకను ప్రయోగశాలకు పంపవలసినదే. ఎండోస్కోపు తలదీపము. తునక పరీక్షయే బయాప్సి.

కొలనోస్కోపు దారిగుండా పంపిన చిమట, పక్షిముక్కువలె నోరు తెరచి, పొరలో రెండు మూడు మిల్లీమీటర్ల తునకను కొరికి తెచ్చును. రోగికి నొప్పి తెలియదు. ప్రేగు సాగినపుడు నొప్పి కలుగును గాని, లోపలిపొరను గిల్లినచో తెలుపు నాడులు అందు లేవు. మొదటిసారి రోగనిర్ణయము చేయునపుడు చిన్నప్రేగు చివరి భాగముతోను, పురీషనాళముతోను కలిపి కనీసము ఐదు చోట్లనుండి, చోటుకు రెండేసి తునకలు తీసికొనవలెనని నియమము. బాగున్నట్లు కనబడు చోటును విడువరాదు. ఏ చోటిది ఆ సీసాలో, పేరు వ్రాసి ఉంచవలెను. అన్నిటిని ఒకే సీసాలో కలిపివేసినచో వ్యాధి ఎంతమేర ప్రాకినదను ప్రశ్నకు జవాబు శాశ్వతముగా పోవును.

తునకను వెంటనే పదిపాళ్ళ ఫార్మలిన్ ద్రావణములో వేయవలెను. ద్రావణము తునకకు కనీసము పదిరెట్లుండవలెను. వట్టి నీటిలోనో, ఉప్పునీటిలోనో వేసినచో కణములు కుళ్ళి, ఎంత గొప్ప సూక్ష్మదర్శినియైనను ఏమియు చూపలేదు. సరిగా భద్రపరచిన తునక మాత్రము దూరప్రయాణమునకు జంకదు. ఆదిలాబాద్ పట్టణమునకు హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్ల దూరము. నెత్తురు పోయి నీరసించిన రోగికి ఆ ప్రయాణము శిక్ష. మూత బిగించిన సీసాకు అది లెక్కలోనిది కాదు. ఆదిలాబాద్‌లో 2008లో రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ వెలసినది. 2022లో మంచిర్యాల, జగిత్యాలలందును, 2023లో కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్‌లందును ప్రభుత్వ వైద్యకళాశాలలు మొదలైనవి. వైద్యకళాశాల అన్నచో అందు రోగలక్షణ శాస్త్ర విభాగము ఉండితీరవలెను. తునకను చదువువారు రోగికి దగ్గరైనారు.

ప్రయోగశాలలో తునకనుండి ఆల్కహాలుతో నీటిని తొలగించి, మైనములో పోతపోసి, మైక్రోటోమ్ అను కత్తితో మిల్లీమీటరులో రెండువందల వంతు మందముగల రేకులుగా కోయుదురు. రేకునకు రంగు లేదు. హిమటాక్సిలిన్ అను రంగు కణకేంద్రములను నీలిఊదాగా చేయును. ఇది మధ్య అమెరికాలో పెరుగు ఒక చెట్టు చేవనుండి తీసిన అద్దకపు రంగు. ఇయోసిన్ అను మరియొక రంగు తక్కిన భాగమును గులాబిగా చేయును.

ఇప్పుడు సూక్ష్మదర్శినిలో ఏమి కనబడును? బడి ప్రయోగశాలలో పరీక్షనాళికలను స్టాండులో నిలిపినట్లు, ప్రేగుపొరలో గొట్టపు గ్రంథులు వరుసగా, నిటారుగా, సమదూరములో నిలిచియుండును. నోళ్ళు పైకి, అడుగులు నేలకు ఆనియుండును. వాని గోడలలో జిగటను స్రవించు బుడ్డివంటి కణములు నిండుగా ఉండును. ఇది ఆరోగ్యము.

పెద్దప్రేగు పూతలో రెండు తరహాల మార్పులు వచ్చును. రెండును రెండు వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటి ప్రశ్న: మంట ఇప్పుడు రగులుచున్నదా? దీనికి సాక్షి న్యూట్రోఫిల్ అను తెల్లరక్తకణము. పలు తమ్మెలుగల కేంద్రముచే దానిని సులభముగా గుర్తింపవచ్చును. అది మామూలుగా గ్రంథిగోడలో ఉండరాదు. మంట ఉన్నపుడు గోడలో దూరును. ఇంకను హెచ్చినచో గొట్టములోనికి దిగి గుంపుకట్టి చీముగడ్డ అగును. పైపొర ఊడినచో పుండు.

రెండవ ప్రశ్న: ఈ మంట ఎంతకాలపుది? దీనికి సాక్షి గ్రంథుల ఆకారము. మాటిమాటికి చెడి మాటిమాటికి పెరిగిన గ్రంథి మొదటివలె నిటారుగా పెరుగదు. కొమ్మ వేయును, కుఱుచనగును, అడుగు నేలనుండి పైకి లేచును, స్టాండును ఎవరో తన్నినట్లు నాళికలు అటునిటు ఒరిగిపోవును. గ్రంథుల అడుగున ప్లాస్మా కణములు పరుపువలె పేరుకొనును. ఇట్టి వంకర ఏర్పడుటకు కొన్ని వారములు పట్టును. వారము క్రిందట కలుషితజలము త్రాగి బంకతో వచ్చినవానికి న్యూట్రోఫిల్‌లు ఎన్ని ఉన్నను గ్రంథులు మాత్రము తిన్నగానే ఉండును. కనుక, మన్యములో వానకాలపు బంకను, పూతను వేరుచేయుటకు తునకలోని ఈ వంకరయే పెద్ద ఆధారము. కంటిచూపునకు రెండును ఒకే ఎఱ్ఱని, నెత్తురోడు పొరగా కనబడవచ్చును.

అమీబా పుండు చెంబువలె మూతి సన్నము, అడుగు వెడల్పు. ఆ మురికిలో వెదకినచో ఎఱ్ఱకణములను మ్రింగిన అమీబాలే దొరకును. క్షయ సామాన్యముగా చిన్నప్రేగు పెద్దప్రేగు కలియు చోటును పట్టును. అందు కణముల ముద్దలు, వాని నడుమ జున్నువలె చచ్చిన భాగము కనబడును. ఈ భేదములు తెలియకపోయినచో ఏమగును? 1955లో ట్రూలవ్, విట్స్ అను ఆక్స్‌ఫర్డ్ వైద్యులు 210 మందిపై జరిపిన పరీక్షలో, కార్టిజోన్ తీసికొన్న పూత రోగులలో నూటికి 41 మందికి వ్యాధి పూర్తిగా శాంతించినది. ఉత్తుత్తి మందు తీసికొన్నవారిలో 16 మందికే. స్టెరాయిడ్‌ల ప్రఖ్యాతి అచ్చటినుండి మొదలు. అదే స్టెరాయిడ్‌ను అమీబా రోగికి ఇచ్చినచో రక్షణ కణములు చేతులు ముడుచుకొనును, అమీబా ప్రేగును తొలిచి రంధ్రము చేయవచ్చును. క్షయ రోగికి ఇచ్చినచో క్షయ విజృంభించును. ఇక పూత రోగికి అమీబా మందునే నెలల తరబడి ఇచ్చుచుండినచో ప్రేగు చెడుచునే ఉండును. మల పరీక్షయు, తునక పరీక్షయు ఎదుట పెట్టుకొనకుండ ఈ మందులలో దేనిని పట్టినను చీకటిలో రాయి విసరినట్లే.

మందు మొదలైన తరువాతకూడ తునకతో పని తీరదు. 1956లో ట్రూలవ్, రిచర్డ్స్ కలిసి పురీషనాళపు తునకలను పరీక్షింపగా ఒక వింత బయటపడినది. బాధ లేదు, గొట్టముతో చూచిన పొర బాగున్నది, అయినను కొందరి తునకలలో మంట దాగియున్నది. ఇది వట్టి వింతయేనా, రోగికి దీనితో నిమిత్తము కలదా? 1991లో ఇంగ్లండులో రైలీ మొదలగువారు, వ్యాధి శాంతించిన 82 మందిని ఒక సంవత్సరము కనిపెట్టి చూచిరి. తునకలో న్యూట్రోఫిల్‌లు ఉన్నవారిలో నూటికి 52 మందికి వ్యాధి తిరుగబెట్టినది. లేనివారిలో 25 మందికి. కంటికి ఒకే తీరుగా కనబడిన రెండు ప్రేగుల భవిష్యత్తు సూక్ష్మదర్శినిలో రెండు తీరులుగా ఉన్నదన్నమాట. తగ్గినదని తానుగా మందు మానివేయు రోగికి చెప్పదగిన సంగతి ఇది.

తునకకు కూడ మార్కులు వేయు పద్ధతులు వచ్చినవి. 2017లో ఫ్రాన్సులోని నాన్సీ నగరపు పేరుతో వెలువడిన పట్టిక వానిలో సులభమైనది. పుండు ఉన్నచో 4. పుండు లేక న్యూట్రోఫిల్‌లు ఎక్కువగా ఉన్న 3, కొద్దిగా ఉన్న 2. అవి లేక దీర్ఘకాలపు కణములు మాత్రము హెచ్చియున్న 1. ఏమియు లేకున్న సున్న. సున్న వచ్చువరకు మందు పెంచుచు పోవలెనా అనునది ఇంకను తేలని వివాదము. 2021లో అంతర్జాతీయ నిపుణులు చికిత్సకు గమ్యము నిర్ణయించునపుడు కంటికి కనబడు మానుదలను గమ్యముగా పెట్టిరి గాని, సూక్ష్మదర్శిని మానుదలను తప్పనిసరి చేయలేదు. మందు పెంచిన కొలది ఖర్చును, అపాయమును పెరుగుననునది వారి సంశయము. అది కొట్టివేయదగినది కాదు.

తునకకు హద్దులు కలవు. మీటరున్నర పొడవుగల ప్రేగులో పది తునకలన్నచో చెరువులో పది చెంచాల నీరు. మలద్వారము గుండా మందు ఎక్కించుకొను రోగికి క్రింది భాగము మాని పైభాగము రగులుచుండవచ్చును. అందుచే ఒక్కచోటి తునకను చూచి వ్యాధి పోయినదనరాదు.

మాటిమాటికి గొట్టము వేయకుండ తెలిసికొను దారి కూడ ఒకటి కలదు. న్యూట్రోఫిల్‌లో కాల్‌ప్రొటెక్టిన్ అను ప్రోటీను సమృద్ధిగా ఉండును. ప్రేగులో ఆ కణములు చేరినచో ఇది మలములో దిగును, కొన్ని దినములు చెడక నిలుచును. బాధ లేని రోగిలో గ్రాము మలమునకు 150 మైక్రోగ్రాముల లోపున్నచో మంట అణగియున్నదని భావించి గొట్టపు పరీక్షను వాయిదా వేయవచ్చును. కాని వానకాలపు బంక వచ్చినను ఇది పెరుగును. ఆదిలాబాద్ వంటి చోట శ్రావణ భాద్రపదములలో ఈ అంకెను చూచి వెంటనే పూత తిరుగబెట్టినదని నిశ్చయింపరాదు. ముందు క్రిమి ఉన్నదేమో చూడవలెను.

సంవత్సరముల తరబడి పూతతో ఉన్న ప్రేగునకు మరియొక పరీక్ష అవసరమగును. కణములు చెడి మరల పెరుగుటలో తప్పులు దొరలి, కొందరిలో క్యాన్సరునకు దారితీయవచ్చును. పురీషనాళమును దాటి పైకి ప్రాకిన పూతగలవారిని, వ్యాధి మొదలైన ఎనిమిది సంవత్సరములకు, బాధ ఉన్నను లేకున్నను కొలనోస్కోపుతో పరీక్షింతురు. అపాయమునుబట్టి సంవత్సరమునకో, ఐదేండ్లకో మరల చూతురు. ఎగుడుదిగుడు పొరలో అనుమానపు మచ్చను కంటితో పట్టుట కష్టము కనుక, మెథిలీన్ బ్లూ గాని, నీలిమందు జాతికి చెందిన ఇండిగో కార్మిన్ గాని కలిపిన నీటిని గోడపై చల్లుదురు. ఇండిగో కార్మిన్ పల్లములలో నిలిచి, మిట్టలు తేటగా కనబడును. మామూలు పొర వరుసలనుండి భిన్నమైన అల్లిక ఎచ్చట కనబడిన అచ్చట చిమట నోరు తెరచును.